బరువు కూర్చునే చోటు

కెమెరా షాపులో పద్నాలుగేళ్ళు పనిచేశానని చెప్పగానే ఎవరైనా అడిగే మొదటి మాట, "అయితే ఏ కెమెరా కొనమంటారు?" అని. నాకు తెలియదు. నేను అమ్మింది కెమెరాలు కాదు, వాటిని మోసే బ్యాగులు. కెమెరాల కౌంటర్ షాపు ముందు వైపు, అద్దాల్లో, దీపాల కింద ఉండేది. నా రాజ్యం వెనక గోడ, బాత్‌రూమ్‌కి వెళ్ళే దారి పక్కన. ఆ గోడ నిండా కొక్కేలు, కొక్కేల నిండా నల్లటి బ్యాగులు. దూరం నుంచి చూస్తే అన్నీ ఒకేలా ఉండేవి. దగ్గరకొచ్చి చూసినా, నిజం చెప్పాలంటే, మొదటి ఆరు నెలలూ నాకు ఒకేలాగే ఉండేవి.

అమెరికాలో పార్సిప్పనీ అనే ఊళ్ళో హైవే పక్కన ఉండేది మా షాపు. ఇప్పుడు లేదు, అక్కడ పరుపులమ్ముతున్నారు. 2001లో నాకు వర్క్ పర్మిట్ రాగానే అందులో చేరాను. గుంటూరులో బీకాం చదివిన మనిషిని. కెమెరా అంటే పెళ్ళిళ్ళలో ఎదురుగా నిలబెట్టి నవ్వమనే వస్తువని తప్ప మరేమీ తెలియదు. మా వారు "టైమ్‌పాస్‌కి బాగుంటుందిలే" అన్నారు. ఆ మాటకి ఆయన్ని ఇప్పటికీ దెప్పుతూనే ఉంటాను.

ఈ మధ్య మా అపార్ట్‌మెంట్స్‌లో ఒకమ్మాయి ట్రెకింగ్ సామాన్ల షాపులో పనికి చేరింది. "ఆంటీ, బ్యాగ్స్ సెక్షన్ ఇచ్చారు నాకు. చాలా బోరింగ్ కదా?" అంది. బోరింగ్ కాదమ్మాయ్ అని చెప్పబోయి, నోటితో చెబితే ఓ చెవిన విని ఇంకో చెవిన వదిలేస్తుందని కూర్చుని రాస్తున్నాను.

ఖాళీ బ్యాగ్ ఎవరికీ తగిలించవద్దు

మా ఓనర్ పేరు జెరాల్డ్. నేను చేరేనాటికే డెబ్భై దగ్గర పడ్డ మనిషి. ముక్కు మీద కోపం, మరుక్షణం మరచిపోవడం. వయసులో ఉండగా పత్రికలకి ఫోటోలు తీస్తూ ఊళ్ళు తిరిగి, ఒంటి భుజానికి బ్యాగ్ మోసి మోసి, ఆయన రెండు భుజాలూ ఒక ఎత్తులో ఉండేవి కావు. కస్టమర్ల ముందే చొక్కా సర్దుకుని నిలబడి, "చూపించు వీజే, వీళ్ళకి నా భుజాలు చూపించు. బ్యాగ్ చూసుకుని కొనుక్కోని వాడి గతి ఇదీ" అనేవారు. విజయలక్ష్మి అన్న నా పేరు ఆయన నోట్లో "వీజే" దగ్గరే ఆగిపోయింది.

ఆయన పెట్టిన నియమం ఒక్కటే. ఖాళీ బ్యాగ్ ఎవరి భుజానికీ తగిలించకూడదు. ఖాళీగా ఉన్నప్పుడు ప్రతి బ్యాగూ హాయిగానే ఉంటుంది. బరువు వేసి, తగిలించి, బయట పార్కింగ్ లాట్‌లో నడిపించాలి. చలికాలమైతే కోటు మీదే తగిలించి నడిపించాలి, కోటు మీద పట్టీ కూర్చునే తీరు వేరు కాబట్టి. కస్టమర్ విసుక్కున్నా సరే, అమ్మకం పోయినా సరే.

బరువుకి ఆయన వాడేది పాత టెలిఫోన్ డైరెక్టరీలు. నాకది నచ్చలేదు. పుస్తకం బల్లపరుపుగా వీపుకి ఆనుకుంటుంది. లెన్స్ అలా కాదు, గుండ్రంగా ఉండి ఒకచోటే బరువంతా పెడుతుంది. ఇసుక మూటలు పెడదామంటే కెమెరా షాపులో ఇసుకేమిటని జెరాల్డ్ గుడ్లురిమారు. ఓ ఆదివారం ఇంట్లో పాత జాకెట్ గుడ్డలు తీసి, చిన్నా పెద్దా లెన్సుల ఆకారంలో సంచులు కుట్టి, వాటి నిండా సోనామసూరి బియ్యం పోసి మూతి కుట్టేశాను. త్రాసు మీద పెట్టి అసలు లెన్సుల బరువుకి సరిచూసుకున్నాను. పూల జాకెట్ గుడ్డ పెద్ద లెన్స్, పసుపు గళ్ళది కెమెరా. జెరాల్డ్ ఒకదాన్ని చేత్తో ఎగరేసి పట్టుకుని, "నలభై ఏళ్ళుగా నాకీ ఆలోచన ఎందుకు రాలేదు?" అన్నారు.

ఆ వేసవిలో మూటల్లో బియ్యానికి పురుగు పట్టింది. ఓ పెద్దమనిషి కొత్త బ్యాగ్‌లోంచి నల్లటి చిన్న పురుగు నింపాదిగా నడుచుకుంటూ బయటికొచ్చింది. జెరాల్డ్ తల ప్రాణం తోకకొచ్చింది. నేను బియ్యం మార్చి, ప్రతి మూటలోనూ గుప్పెడు లవంగాలు వేశాను. ఆ తర్వాత మా గోడ దగ్గర ఎప్పుడూ బిర్యానీ పొయ్యి మీద ఉన్నట్టు ఒక వాసన ఉండేది. చాలామంది కస్టమర్లు అది కొత్త బ్యాగుల వాసనే అనుకునేవారు. మేమూ కాదని చెప్పలేదు.

మూటలు వేసి నడిపించేటప్పుడు మాట వినకు, చేతులు చూడు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, చూడగా చూడగా తెలిసింది. మొహమాటానికి అందరూ "బాగుంది" అంటారు, మనవాళ్ళు మరీను. కానీ బ్యాగ్ సరిపోని మనిషి కాసేపు నడవగానే, తనకి తెలియకుండానే బొటనవేలు పట్టీ కిందికి దూరుస్తాడు. భుజాన్ని కోస్తున్న పట్టీని కాస్త పైకెత్తి పట్టుకోవడానికన్నమాట. ఆ వేలు కనిపించిందంటే ఆ బ్యాగ్ ఆ మనిషిది కాదు. నోరు అబద్ధమాడుతుంది గానీ బొటనవేలు ఆడదు.

ఇండియా ట్రిప్

మనవాళ్ళకి బ్యాగ్ అమ్మడం వేరే విద్య. మిగతా వాళ్ళు ఒక్కరుగా వచ్చి కొనుక్కుపోతారు. మనవాళ్ళు కుటుంబం, స్నేహితులు, వీలైతే స్నేహితుల కుటుంబంతో సహా వస్తారు. బ్యాగ్ ఎవరు మోస్తారో వాళ్ళు తప్ప అందరూ తగిలించుకుని చూస్తారు. భార్య కోసం కొనే బ్యాగ్‌ని భర్త వేసుకుని అద్దంలో చూసుకుని, "పర్ఫెక్ట్" అంటాడు. ఆవిడ పక్కన పర్సు పట్టుకుని నిలబడి ఉంటుంది.

ఇంకొకటి, పెద్దది కొనడం. పిల్లలకి ఒక సైజు ఎక్కువ బట్టలు కొన్నట్టే. నేను చేరిన కొత్తల్లో ఒకాయన, పేరు శ్రీధర్ అనుకుందాం, మొదటి మంచి కెమెరా కొనుక్కుని నా గోడ దగ్గరకొచ్చాడు. ఉన్న వాటిలోకెల్లా పెద్ద బ్యాగ్ చూపించి అడిగాడు.

"ఇది క్యారీ ఆన్‌గా ఎలౌ చేస్తారా అండీ?"

"చేస్తారు. కానీ మీకున్నది ఒక కెమెరా, రెండు లెన్సులే కదా. ఇంత పెద్దదెందుకు?"

"డిసెంబర్‌లో ఇండియా ట్రిప్ బుక్ చేశామండీ. ఈ పార్టిషన్స్ తీసేస్తే రెండు లాప్‌టాప్‌లు, మా బావగారి పెర్ఫ్యూమ్‌లు, విటమిన్ డబ్బాలు పడతాయి."

"మరి కెమెరా?"

"మెళ్ళో వేసుకుంటానండీ. అది వెయిట్‌లో లెక్కెయ్యరు."

పక్కనున్న భార్య నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వులో చాలా ట్రిప్పుల అనుభవం ఉంది.

సంక్షేపంగా చెబుతాను. ఆ బ్యాగ్ వెళ్ళేటప్పుడు చాక్లెట్లతో వెళ్ళింది, వచ్చేటప్పుడు ఆవకాయతో వచ్చింది. అప్పట్లో ఎయిర్‌పోర్టుల్లో ఇంత పట్టింపులు లేవు. దారిలో సీసా మూత వదులై, లెన్సులు పెట్టుకునే మెత్తటి అరలన్నీ ఎర్రటి నూనె పీల్చుకున్నాయి. శ్రీధర్ నడుం పట్టుకుని కుంటుతూ షాపుకొచ్చి, బ్యాగ్ సౌకర్యంగా లేదు, వెనక్కి తీసుకుంటారా అని అడిగాడు. జెరాల్డ్ జిప్ తీసి లోపల ముక్కు పెట్టారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన చాలాసేపు వాసన చూసి, "వీజే, నాకెందుకో ఆకలేస్తోంది" అన్నారు. బ్యాగ్ వెనక్కి తీసుకోలేదనుకోండి, కానీ శ్రీధర్ మరుసటి వారం ఆయనకో చిన్న సీసా ఆవకాయ తెచ్చిచ్చాడు.

అప్పటినుంచి మనవాళ్ళని నేనడిగే మొదటి ప్రశ్న మారిపోయింది. మీ దగ్గర ఏ కెమెరా ఉంది అని కాదు. ఈ బ్యాగ్‌లో నిజంగా ఏం పెడతారు, దీన్ని నిజంగా ఎవరు మోస్తారు అని. నవ్వుతూ అడిగితే నవ్వుతూనే నిజం చెబుతారు.

కెవిన్

2009లో జెరాల్డ్ మోకాళ్ళ ఆపరేషన్ చేయించుకుని, షాపు మేనల్లుడు కెవిన్‌కి అప్పగించారు. కెవిన్ చెడ్డవాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అతనికి భయం, అంతే. జనం మా దగ్గర బ్యాగులన్నీ వేసుకుని చూసి, ఇంటికెళ్ళి ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేసుకునే రోజులు వచ్చేశాయి. కొందరైతే నా ముందే ఫోన్ తీసి ధర చూసుకునేవారు. వాళ్ళమీద నాకు కోపం వచ్చేది కాదు గానీ, కెవిన్ మొహం చూస్తే జాలేసేది.

ఆ భయంలో అతను జేబుల సంఖ్య రాసిన అట్టలు ప్రతి బ్యాగ్‌కీ వేలాడదీశాడు. పార్కింగ్ లాట్ నడకలు మాన్పించాడు. బియ్యం మూటలు ప్రొఫెషనల్‌గా లేవని స్టోర్ రూమ్‌లో పెట్టించాడు. ఎదురు చెప్పలేదు నేను. కానీ ఆ మూటలు పారెయ్యనూ లేదు. జేబుల గురించి మాత్రం నా అభిప్రాయం ఇప్పుడు చెబుతున్నా: ఎన్ని జేబులుంటే అన్ని అక్కర్లేని వస్తువులు చేరతాయి. వంటింటి సొరుగు లాగే.

డాక్టర్ సుభద్ర గారు

సుభద్ర గారిని మొదటిసారి చూసింది 2011 వేసవిలో. విజయవాడ నుంచి పంతొమ్మిది వందల డెబ్భైల్లో ఇక్కడికి వచ్చిన డాక్టర్, మత్తు ఇచ్చే స్పెషలిస్టు, రిటైరయ్యారు. సన్నగా, పొట్టిగా, చీర కట్టుకుని ఉన్నారు. వెంట ఆవిడ భర్త ప్రసాదరావు గారు, ఇంజనీరు, ఆయనా రిటైరే. చేతిలో ఆయనే ఒక పాత ఖాళీ కెమెరా బ్యాగ్ పట్టుకొచ్చారు.

"మా వైఫ్ పక్షుల్ని ఫోటోలు తీస్తుందమ్మా," అన్నారు ఆయన గర్వంగా. "హాస్పిటల్‌లో ఉన్నన్నాళ్ళూ మనుషుల్ని నిద్రపుచ్చింది, ఇప్పుడు గద్దల కోసం తను నిద్ర మానేసింది."

అలవాటు ప్రకారం నేను బ్యాగ్ ఆవిడకిచ్చాను. ఆయన మధ్యలో అందుకుని తాను తగిలించుకున్నారు. ఒకటి, రెండు, అలా గోడ మీదున్న వాటిలో సగం ఆయనే వేసుకుని చూశారు. నేను ఏది చూపించినా ఆవిడ "ఊహూ, ఇది కాదు" అంటున్నారే తప్ప ఎందుకు కాదో చెప్పడం లేదు. ఏమీ కొనకుండా వెళ్ళిపోయారు.

మూడు నాలుగు రోజులకి ఆవిడ ఒక్కరే వచ్చారు, ప్యాంటు, పొడుగు చేతుల చొక్కాతో. నన్ను పక్కకి పిలిచి, నిదానంగా చెప్పారు.

"చూడమ్మా విజయా, ఆ రోజు ఆయన ముందు అన్నీ చెప్పలేకపోయాను. నాకు ఎడం వైపు బ్రెస్ట్ సర్జరీ అయింది. చంకలో గ్రంథులు కూడా తీసేశారు. ఆ భుజం మీద పట్టీ నొక్కితే చెయ్యి వాస్తుంది. మనవాళ్ళెవరికీ చెప్పలేదు. మనవాళ్ళు తలా ఒక వంట తెచ్చే పాట్‌లక్‌లో ఒక్కరికి చెబితే చాలు, సాయంత్రానికి నన్ను చూసే చూపులే మారిపోతాయి. అందుకని ఇన్నాళ్ళూ బ్యాగ్ ఆయనే మోశారు. నేను ముందు నడవడం, ఆయన వెనకాల మోసుకురావడం."

"మరి ఇప్పుడు?"

"మేలో ఆయనకి బైపాస్ అయింది. కొండ ఎక్కొద్దు, బరువెత్తొద్దన్నారు. సెప్టెంబర్‌లో గద్దలు దక్షిణానికి పోతాయి. ఇక్కడికి గంట దూరంలో ఒక కొండ మీంచి చూడాలి వాటిని. ట్రీట్‌మెంట్ జరిగినన్నాళ్ళూ నేను ఆ కొండనే తలుచుకుంటూ పడుకున్నానమ్మా. ఈసారి నా అంతట నేను మోసుకుని ఎక్కగలిగితే ఎక్కుతా. లేకపోతే కెమెరా మీ షాపులోనే అమ్మేసి వెళ్ళిపోతా. ఇంకొకరిని బతిమాలుకుని మోయించుకోవడం నా వల్ల కాదు."

ఇదంతా ఇక్కడ రాయడానికి ఆవిడ ఒప్పుకున్నారు. ఒప్పుకోవడమేమిటి, రాయమన్నదే ఆవిడ. "నాలాంటి వాళ్ళు ఎంతమంది కెమెరా బీరువాలో పెట్టేసి కూర్చున్నారో, వాళ్ళ కోసం రాయి" అన్నారు.

నేను స్టోర్ రూమ్‌లోకి వెళ్ళి బియ్యం మూటలు తెచ్చాను. కెవిన్ దూరం నుంచి చూశాడు.

చక్రాల బ్యాగ్ రాళ్ళ దారిలో పనికిరాదు. కుడి భుజానికి ఒంటి పట్టీది వేస్తే మెడ పట్టేస్తుంది, జెరాల్డ్ భుజాలే సాక్ష్యం. నడుముకి కట్టుకునే చిన్న సంచిలో ఆవిడ పొడుగు లెన్స్ పట్టదు. మిగిలిన దారి ఒక్కటే, వీపున వేసుకునే బ్యాగే, కానీ బరువంతా నడుం పట్టీ మీద కూర్చోవాలి, భుజం పట్టీలు ఊరికే బ్యాగ్ వెనక్కి పడిపోకుండా పట్టుకోవాలి. మా గోడ మీదున్న కెమెరా బ్యాగుల నడుం పట్టీలు చాలావరకు పేరుకే. సన్నటి రిబ్బన్లు. కాస్త గట్టివి ఉన్న బ్యాగులేమో పొడుగాటి మగవాళ్ళ కొలతకి చేసినవి, ఆవిడ వీపున వేస్తే పట్టీ తొడల మీదికి వచ్చేసింది.

అన్నింటిలోకీ పొట్టిదాన్ని వేసి, నడుం పట్టీ బిగించుకోమన్నాను. బిగించుకున్నారు. రెండడుగులు వెయ్యగానే బరువు మళ్ళీ భుజాల మీదికే జారింది. ఆవిడ బొటనవేలు ఎడమ పట్టీ కిందికి వెళ్ళిపోయింది. మళ్ళీ బిగించుకున్నారు, మళ్ళీ అంతే. నాకూ ఎందుకో అర్థం కాలేదు. ఆవిడ మొహం చిన్నబోయింది. అది చూసి నా ప్రాణం ఉసూరుమంది.

అద్దం ముందు నిలబడి తన నడుం వంక తనే చూసుకుంటున్న ఆవిడ ఉన్నట్టుండి పకపకా నవ్వారు.

"నేనెక్కడ కట్టుకుంటున్నానో చూశావా? లంగా బొందు కట్టుకునే చోట! యాభై ఏళ్ళుగా బొందు బిగించిన చెయ్యి, దానంతటదే అక్కడికే పోతోంది."

చూస్తే నిజమే. చీర కట్టుకునే వాళ్ళందరికీ నడుం మీద బొందు గాడి పడి ఉంటుంది. పట్టీని ఆ గాడిలోనే కట్టుకుంటున్నారు ఆవిడ. అక్కడ కట్టేది బట్ట జారకుండా ఉండటానికి. బరువు మోయడానికి అక్కడ ఎముక లేదు, మెత్తటి పొట్టే. నా వీపున ఎన్నోసార్లు బ్యాగ్ వేసుకుని చూశాను కదా, నేనూ అక్కడే కట్టుకునేదాన్ని. ఆ రోజుదాకా నాకూ తట్టలేదు.

"మరి కిందికి, ఎక్కడ?" అన్నాను.

"మా అమ్మాయిని చంకనేసుకుని వంట చేసేదాన్ని, డ్యూటీకి పోయే ముందు. బిడ్డ ఎక్కడ కూర్చునేది?" అంటూ ఆవిడ అరచేత్తో తుంటి ఎముక మీద తట్టారు. "ఇదిగో, ఇక్కడ."

పట్టీని అక్కడికి దించి, ముందు అది బిగించి, తర్వాతే భుజం పట్టీలు తగిలించాం, వదులుగా. భుజం మీద నా వేలు హాయిగా దూరేంత ఖాళీ. కానీ ఆ బ్యాగ్ పట్టీ సన్ననిది, ఎముక మీద కోస్తోంది. దారి తెలిసింది గానీ, సరైన బ్యాగ్ మా గోడ మీద లేదు. నాకు తెలుసు ఎక్కడుందో. హైవేకి అవతల ట్రెకింగ్ షాపులో. అక్కడ ఆడవాళ్ళ కొలతకి, పొట్టి వీపుకి, మెత్తటి మందపాటి నడుం పట్టీతో చేసినవి ఉంటాయి. కెమెరా అరలు ఉండవు, అంతే. అరలున్న మెత్తటి పెట్టె మా దగ్గర విడిగా దొరుకుతుంది, అందులో దించేసుకోవచ్చు.

చెప్పేశాను. కెవిన్ విన్నాడు. ఆవిడ వెళ్ళాక నా దగ్గరికొచ్చాడు.

"మనం కస్టమర్లని ఎదుటి షాపుకి పంపిస్తున్నామా, వీజే?"

"లోపలి పెట్టె మన దగ్గరే కొంటారు."

"బ్యాగ్ మాత్రం అక్కడ కొంటారు."

"కెవిన్, ఆవిడకి సరిపోయే బ్యాగ్ మన దగ్గర ఉంటే చెప్పు, ఇప్పుడే ఫోన్ చేసి వెనక్కి పిలుస్తా."

అతను గోడ మీదున్న బ్యాగులన్నీ వరసగా చూశాడు. తర్వాత వెళ్ళి, సాయంత్రం స్టోర్ రూమ్‌లోంచి మిగతా బియ్యం మూటలు కూడా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి ఒక మాట: మీ బాస్ భయపడుతున్నాడా, మీ మీద పగబట్టాడా అన్న తేడా తెలుసుకోండి. భయపడేవాడితో పని చేయవచ్చు.

కొండ

సుభద్ర గారు ఆ బ్యాగ్ తెచ్చుకుని, చేతికి వ్యాయామాలు చేయించే తన థెరపిస్టుకి చూపించి సరేననిపించుకుని, నా బియ్యం మూటలు అడిగి తీసుకెళ్ళి, ఇంటి చుట్టూ నడిచారు. మొదట ఒక మూట, వారం గడిచాక రెండు, ఆగస్టు చివరికి పూర్తి బరువు. చెయ్యి వాయలేదు. సెప్టెంబర్ మధ్యలో ఒక ఆదివారం ఫోన్ చేసి, "వస్తావా అమ్మా, నాకు ఎవరైనా పక్కనుంటే ధైర్యం" అన్నారు. బ్యాగులమ్మే మనిషికి, తానమ్మిన సలహా కొండెక్కుతుంటే చూసే అవకాశం ఎన్నిసార్లు వస్తుంది? వెళ్ళాను.

కొండ కింద పార్కింగ్ లాట్‌లో ప్రసాదరావు గారు మడత కుర్చీ వేసుకుని కూర్చున్నారు, పక్కన ఫ్లాస్కులో కాఫీ. ఆవిడ కార్ డిక్కీ తెరిచి బ్యాగ్ బయటికి లాగగానే, ఆయన చటుక్కున లేచి వచ్చి చెయ్యి చాపారు. అలవాటు. ఆవిడ ఆగారు, నేనూ ఆగాను. ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది. చాపిన చెయ్యిని ఏం చెయ్యాలో తెలియక అలాగే గాల్లో ఉంచేశారు.

"నేనేం పట్టుకోను మరి?" అన్నారు. పెద్దాయన గొంతు చిన్నపిల్లాడిదిలా అయిపోయింది.

సుభద్ర గారు బ్యాగ్ తెరిచి, లెన్స్ మూత తీసి ఆయన అరచేతిలో పెట్టారు. నల్లటి ప్లాస్టిక్ బిళ్ళ, అంతకంటే తేలికైన వస్తువు ఆ బ్యాగ్‌లో మరొకటి లేదు.

"ఇది పట్టుకోండి. పోగొట్టకండి. నేనొచ్చి తీసుకుంటా."

ఆవిడ నడుం పట్టీ తుంటి మీద బిగించుకుని ముందు నడిచారు. నేను వెనక. దారంతా నేను చెట్లు చూడలేదు, ఆకాశం చూడలేదు. ఆవిడ ఎడమ చెయ్యే చూశాను. రాళ్ళు వచ్చాయి, ఏటవాలు వచ్చింది, ఆవిడకి ఆయాసం వచ్చింది, ఆగి నీళ్ళు తాగారు. ఆ బొటనవేలు మాత్రం పట్టీ కిందికి పోలేదు. పైకి చేరేదాకా పోలేదు.

పైన చాలామంది బైనాక్యులర్స్‌తో నిలబడి ఉన్నారు. ఎవరో "అదిగో" అన్నారు. గద్దలు రెక్కలు కదపకుండానే గుంపుగా గుండ్రంగా తిరుగుతూ పైకి లేస్తున్నాయి. సుభద్ర గారు కెమెరా తీసి, ఒక్కరే, ఎవరి సాయం లేకుండా, కంటికి ఆనించుకున్నారు. నాకు ఏడుపొచ్చేసింది. నేను జీవితంలో ఏం సాధించానని ఎవరైనా అడిగితే ఆ ఒక్క క్షణమే చెబుతాను, సిగ్గుపడకుండా.

కిందికి వచ్చేసరికి ప్రసాదరావు గారు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. కాఫీ తాగినట్టు లేదు. కుడి చెయ్యి పిడికిలి బిగించి ఉంది. ఆవిడ వచ్చి చెయ్యి చాపితే పిడికిలి విప్పారు. మూత చెమటతో తడిసి ఉంది. ఆవిడ దాన్ని చీర కొంగు లేదు కదా అని చొక్కా అంచుకి తుడిచి, లెన్స్‌కి పెట్టేశారు.

చివరి వారం

2015లో షాపు మూసేస్తున్నామని కెవిన్ చెప్పాక, చివరి వారం పాత కస్టమర్లు చాలామంది వచ్చారు. నా గోడ అప్పటికే సగం ఖాళీ. సుభద్ర గారు, ప్రసాదరావు గారు కలిసి వచ్చారు. బ్యాగ్ ఆవిడ వీపునే ఉంది. నడుం పట్టీ తుంటి దగ్గర అరిగి నున్నగా అయిపోయింది, అది చూడగానే మనసు నిండిపోయింది. భుజం పట్టీలు మాత్రం కొత్తవాటిలాగే ఉన్నాయి.

ఆవిడ కెవిన్‌తో మాట్లాడుతుంటే ప్రసాదరావు గారు నా బల్ల దగ్గరకొచ్చి నిలబడ్డారు. బియ్యం మూట ఒకటి చేతిలోకి తీసుకుని వాసన చూసి నవ్వారు. వంగినప్పుడు ఆయన చొక్కా జేబులోంచి లెన్స్ మూత బల్ల మీద పడింది. నేను తీసి చూశాను. నా వృత్తి కదా, చూడగానే తెలిసింది.

"ఇది ఆ పాత లెన్స్‌ది కదండీ. ఆవిడ దాన్ని మార్చేసి కొత్తది తీసుకుని చాలా రోజులైంది. ఇది ఇప్పుడు దేనికీ పట్టదు."

"తెలుసమ్మా," అన్నారు ఆయన, మూత నా చేతిలోంచి జాగ్రత్తగా తీసుకుంటూ. "కొత్తదానిది కూడా ఇస్తానంది. నేనే వద్దన్నా. తను పైకెళ్ళి వచ్చేదాకా నా చేతిలో ఏదో ఒకటి ఉండాలిగా. ఇది అలవాటైపోయింది."

మూత మళ్ళీ జేబులో పెట్టుకుని, పైన చేత్తో ఒకసారి తడిమి చూసుకున్నారు. ఈలోగా సుభద్ర గారు, "ఏమండీ, పొద్దుపోతోంది, వెలుతురుండగానే కొండ దగ్గరికి చేరాలి" అని పిలిచారు. ఆవిడ బ్యాగ్ బిగించుకుని ముందు నడిచారు. ఆయన ఖాళీ చేతులతో ముందుకెళ్ళి ఆవిడ కోసం షాపు తలుపు తెరిచి పట్టుకున్నారు.